ఇరవై సెల్స్ మీద తెలుగు: బ్రెయిల్ డిస్‌ప్లేతో నా అనుభవం

నేను ఉత్తరాంధ్రలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. నాకు పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి దాకా అంధుల హాస్టల్లో ఉండి, స్లేటు, స్టైలస్ పట్టుకుని బ్రెయిల్లోనే చదువుకున్నాను. ఆ తర్వాత కంప్యూటర్ వచ్చింది, దాంట్లోకి తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వచ్చింది, చెవిలోకి ఇయర్‌ఫోన్ చేరింది. ఇంటర్ నుంచి డీఎస్సీ దాకా అంతా వినే గట్టెక్కాను. బ్రెయిల్ కాగితం మీద వేలు పెట్టి ఏళ్లు గడిచిపోయాయి. మావాళ్లలో చాలామంది సంగతి ఇంతే. ఒక్క నవల బ్రెయిల్లో నాలుగైదు లావుపాటి వాల్యూములవుతుంది. అదే నవల ఫోన్లో వినగలిగినప్పుడు వాటిని మోసుకు తిరిగేదెవరు?

వినడం ఎక్కడ చాలదో ఉద్యోగంలో చేరాకే తెలిసింది. ముందు హాజరు. పేర్ల జాబితా ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. ఇయర్‌ఫోన్లో పేరు వింటాను, దాన్ని పైకి అంటాను, వెనక బెంచీ నుంచి "ప్రెజెంట్ సార్" అని వినపడాలి. ఆలోపే నా వేలు కింది బాణం నొక్కేస్తే తర్వాతి పేరు చెవిలో మోగుతుంది, ఆ ప్రెజెంటు కాస్తా అందులో కలిసిపోతుంది. యాభై మంది ఉన్న క్లాసులో ఇది రోజూ ఉండే తలనొప్పి. పిల్లలు గడుసువాళ్లు, నా ఇబ్బంది కనిపెట్టి పక్కవాడి ప్రెజెంటు కూడా వాళ్లే పలికేవాళ్లు.

దానికంటే కష్టం పాఠం చదవడం. చెవిలో యంత్రం ఒక ముక్క చెబితే దాన్ని అందుకుని పైకి అనాలి. ఆ అనే లోపు రెండో ముక్క వచ్చి పడుతుంది. తెర వెనక ప్రాంప్టరు అందిస్తుంటే డైలాగు చెప్పే నాటకం వేషగాడిలా ఉండేది నా పరిస్థితి. విరుపు నాది కాదు, వేగం నాది కాదు. ఎక్కడ గొంతు పెంచాలో వాక్యం అయిపోయాక తెలిసేది. పద్యాలు సరే, కంఠస్థం పట్టేశాను, తెలుగు మాస్టారికి అదేమంత బరువు కాదు. గద్య పాఠాలు కంఠస్థం పట్టలేం కదా. వాటిని పిల్లల చేత చదివించి నేను వివరించేవాణ్ణి. బానే నడిచింది, కానీ తెలుగు మాస్టారన్నవాడు ఒక మంచి పేరా తన గొంతుతో చదివి వినిపించకపోతే ఎలా అని లోపల ఒకటి మిగిలిపోయింది.

హాస్టల్లో నాకు సీనియర్ ఒకాయన ఉన్నారు, ఇప్పుడు విశాఖలో బ్యాంకు ఉద్యోగం. ఆయన నలభై సెల్స్ డిస్‌ప్లే కొనుక్కుని, అంతకుముందు వాడిన ఆర్బిట్ రీడర్ 20ని నాకు పంపారు. "తమ్ముడూ, ముందు నీ దగ్గర ఉంచుకో. పనికొస్తే అప్పుడు డబ్బుల మాట మాట్లాడుకుందాం" అన్నారు. నేను అంతకుముందు బ్రెయిల్ డిస్‌ప్లే గురించి వినడమే తప్ప ముట్టుకున్నది లేదు.

ఈ పరికరం ఎరగనివాళ్ల కోసం చెబుతాను. రెండు అరచేతులు పక్కపక్కన పెడితే ఎంతుంటుందో ఇంచుమించు అంత పెట్టె. మన వైపు అంచున ఒకే వరుసలో ఇరవై సెల్స్, అంటే బ్రెయిల్ గడులు. ఒక్కో సెల్‌లో ఎనిమిది చిన్న పుల్లల తలలు, అవి లేస్తే చుక్క, దిగితే ఖాళీ. కాగితం బ్రెయిల్‌కి ఆరు చుక్కలే, ఎడమ నిలువు వరుసలో 1, 2, 3, కుడి వరుసలో 4, 5, 6. కంప్యూటర్ కోసం కింద ఏడు, ఎనిమిది చేర్చారు. వరుసకి రెండు చివర్లా రెండు ప్యానింగ్ కీలు ఉంటాయి. చదవడం అయ్యాక ఒకటి నొక్కితే తర్వాతి ముక్క పైకి లేస్తుంది. వెనక వైపు బ్రెయిల్ టైపు మిషన్ అయిన పెర్కిన్స్ బ్రెయిలర్‌ పద్ధతిలో చుక్కల కీలు, స్పేస్, మధ్యలో బాణాల మీటలు ఉంటాయి. ఎస్‌డీ కార్డు పెట్టుకునే చోటు ఉంది, యూఎస్‌బీ ఉంది, బ్లూటూత్ ఉంది.

ఈ పరికరాలకి ధర ఎందుకంత ఎక్కువో ఆ సీనియర్ అన్న ఫోన్లో వివరించారు. మామూలుగా వీటిలో పీజో పద్ధతి వాడతారు. ఒక్కో చుక్క కింద సన్నటి పీజో పట్టీ ఉంటుంది, దానికి సుమారు 200 వోల్టులు ఇస్తే కొద్దిగా వంగి పుల్లని పైకి నెడుతుంది. నలభై సెల్స్ అంటే అలాంటివి 320. అందుకే అలాంటి డిస్‌ప్లే లక్ష రూపాయలు సులువుగా దాటేస్తుంది. ఆర్బిట్ రీడర్ వేరే పద్ధతిలో పనిచేస్తుంది. ధర తగ్గించాలన్న పట్టుదలతో అనేక దేశాల అంధుల సంస్థలు కలిసి పెట్టుబడి పెట్టి చేయించిన పరికరం అది. దానికి తగ్గట్టే కొన్ని వదులుకోవాలి. చుక్కలు అన్నీ ఒక్కసారిగా లేవవు, ఎడమ నుంచి కుడికి చరచరమంటూ లేస్తాయి. ఆ చప్పుడు నిశ్శబ్దంగా ఉన్న గదిలో బాగానే వినిపిస్తుంది. ఖరీదైన వాటిలో ప్రతి సెల్ మీదా రూటింగ్ బటన్ అని ఒక చిన్న బటన్ ఉంటుంది, అది నొక్కితే కర్సరు సరిగ్గా ఆ అక్షరం దగ్గరికి వెళ్తుంది. నా దాంట్లో ఆ బటన్లు లేవు.

నేను వాడే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ మొదలుపెట్టి, జేమ్స్ టేతో కలిసి నడిపించిన ఉచిత సాఫ్ట్‌వేర్. వాళ్లిద్దరికీ కూడా చూపు లేదు. డబ్బు పెట్టి జాస్ లాంటి స్క్రీన్ రీడర్ కొనే స్తోమత లేని మాబోటివాళ్లకి కంప్యూటర్ అంటే ఎన్‌వీడీఏనే. డిస్‌ప్లేని కలపడానికి పెద్ద తతంగమేమీ లేదు. కేబుల్ పెట్టి ఇన్సర్ట్, కంట్రోల్, ఏ కలిపి నొక్కితే బ్రెయిల్ డిస్‌ప్లే ఎంచుకునే డైలాగ్ వస్తుంది. "ఆటోమేటిక్" అని వదిలేస్తే అదే కనుక్కుంటుంది. వేళ్ల కింద చరచరమని డెస్క్‌టాప్ ఐకాన్ పేరు లేచింది. ఇంగ్లిష్‌లో ఉంది కాబట్టి చకచకా చదివేశాను. ఇంత సులువా అనుకున్నాను.

తెలుగు ఫైల్ తెరిచాక అసలు కథ మొదలైంది. వేలి కింద ఏదో రివర్స్ స్లాష్, ఎక్స్, సున్నా, సీ, అంకెలు. ప్యాన్ చేస్తే మళ్లీ అవే. అన్నకి ఫోన్ చేశాను.

"అవుట్‌పుట్ టేబుల్ ఏం పెట్టావ్?"

"ఏమీ పెట్టలేదన్నా, ఎలా ఉందో అలాగే."

"ఇంగ్లిష్ టేబుల్ మీద ఉందన్నమాట. దానికి తెలుగు అక్షరం తెలీదు, యూనికోడ్ నంబరు చూపిస్తోంది. నువ్వు చదివేది 0సీ15 అయితే అది క."

ఒక్క క కోసం సగం డిస్‌ప్లే పోతోందన్నమాట. సెట్టింగ్స్‌లో బ్రెయిల్ విభాగంలోకి వెళ్లి, ఏ అక్షరానికి ఏ చుక్కలో చెప్పే అవుట్‌పుట్ టేబుల్‌లో "తెలుగు గ్రేడ్ 1" ఎంచుకున్నాను. ఈ టేబుళ్లు లిబ్‌లూయీ అనే ఉచిత లైబ్రరీ నుంచి వస్తాయి, మన భాషల్లో చాలావాటికి ఉన్నాయి. టేబుల్ మారగానే హాస్టల్లో నేర్చుకున్న భారతీ బ్రెయిల్ మళ్లీ వేలి కిందికి వచ్చింది.

భారతీ బ్రెయిల్ తెలియనివాళ్లకి ఒక్క మాట. 1951 ప్రాంతంలో మన దేశ భాషలన్నిటికీ కలిపి కుదిర్చిన పద్ధతి ఇది. హిందీ క, తెలుగు క, తమిళ క అన్నీ 1, 3 చుక్కలే. గుణింతం గుర్తులు వేరే ఉండవు, హల్లు పక్కన అచ్చు రాయడమే. కి అంటే క, ఇ. పొల్లు మాత్రం హల్లు కంటే ముందు వస్తుంది, నాలుగో చుక్క రూపంలో. అమ్మ అని రాయాలంటే అ, నాలుగో చుక్క, మ, మ. స్త్రీ అంటే నాలుగో చుక్క, స, నాలుగో చుక్క, త, ర, ఈ. రెండు ఒత్తులతో ఒకే అక్షరంగా కనబడేది వేలికి ఆరు సెల్స్. తెలుగు ఎంత చోటు తింటుందో ఇరవై సెల్స్ ముందు కూర్చుంటే తెలుస్తుంది. "విద్యార్థులందరికీ" అన్న ఒక్క మాట పదిహేడు సెల్స్ తీసుకుంటుంది. మిగిలిన మూడింటిలో ఒకటి ఖాళీ. ఇంక అక్కడ పట్టేదేముంది?

చిన్నప్పుడు వచ్చిన విద్యే అయినా వేళ్లు మొద్దుబారిపోయి ఉన్నాయి. కాగితం మీది చుక్క మెత్తగా, గుండ్రంగా ఉంటుంది. ఇక్కడ ప్లాస్టిక్ పుల్ల తల గట్టిగా, ఒకే ఎత్తున తగులుతుంది. మొదట్లో గట్టిగా నొక్కి చదివేవాణ్ణి, వేలి కొన తిమ్మిరెక్కేది. నిజానికి తేలికగా తడిమితేనే బాగా తెలుస్తుంది. నాలుగో చుక్క ఒక్కటే ఉన్న సెల్ దగ్గర బాగా తడబడేవాణ్ణి. ఒంటి చుక్క కదా, వేలు దాటిపోతే పొల్లు పోయి "అమ్మ" కాస్తా "అమమ" అవుతుంది. రాత్రి పూట స్పీచ్ ఆపేసి, వార్తల సైట్లోంచి ఒక వ్యాసం వర్డ్‌లోకి తెచ్చుకుని వేళ్లతోనే చదివేవాణ్ణి. స్పీచ్ ఆపడం ముఖ్యం. అది మాట్లాడుతుంటే చెవి ముందే అర్థం చేసేసుకుంటుంది, వేలికి పనుండదు. ఇన్సర్ట్, ఎస్ నొక్కుతూ పోతే స్పీచ్ మోడ్ మారుతుంది, ఆఫ్ వచ్చేదాకా నొక్కాలి. మాట లేకుండా కంప్యూటర్ ముందు కూర్చోవడం మొదటి వారం చాలా వెలితిగా అనిపించింది. తర్వాత అదే హాయి అయింది.

వెబ్ పేజీల్లో ఒక తమాషా ఉంది. ఎన్‌వీడీఏ చోటు మిగల్చడానికి పొట్టి గుర్తులు వాడుతుంది. లింక్ ఉన్నచోట ఎల్ ఎన్ కె, బటన్ ఉన్నచోట బి టి ఎన్, రాసే పెట్టె ఉన్నచోట ఇ డి టి. ఇంగ్లిష్ ఎల్‌కీ తెలుగు లకీ ఒకే చుక్కలు, ఎన్‌కీ నకీ ఒకటే, కెకీ కకీ ఒకటే. తెలుగు ధ్యాసలో చదువుతూ పోతుంటే లింకు వచ్చిన ప్రతిచోటా "లనక" అని తగులుతుంది. బటన్ "బతన", రాసే పెట్టె "ఏదత". కొత్తలో వార్త మధ్యలో ఈ లనక ఎవర్రా అనుకునేవాణ్ణి. ఇప్పుడు నాకవి మాటలే అయిపోయాయి, అన్నతో ఫోన్లో కూడా "ఆ పేజీలో మూడో లనక నొక్కు" అంటాను. చెక్‌బాక్స్ గుర్తు మాత్రం నాకు భలే నచ్చింది. రెండు గోడల్లాంటి సెల్స్ మధ్య ఇంకో సెల్ ఉంటుంది. టిక్ పెట్టి ఉంటే అందులో ఎనిమిది చుక్కలూ లేస్తాయి, పెట్టకపోతే అడుగున రెండే. మాటతో పనిలేకుండా వేలు పెట్టగానే తెలిసిపోతుంది.

ఒకేసారి ఒకే టేబుల్ పనిచేస్తుంది కాబట్టి ఇంగ్లిష్, తెలుగు మధ్య అస్తమానం సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చడం విసుగు. దానికి ఎన్‌వీడీఏలో కాన్ఫిగరేషన్ ప్రొఫైల్స్ ఉన్నాయి. తెలుగు టేబుల్‌తో ఒక ప్రొఫైల్ చేసి, దానికి ఒక షార్ట్‌కట్ కీ ఇచ్చుకున్నాను. ఒక్క నొక్కుతో తెలుగు, మళ్లీ నొక్కితే ఇంగ్లిష్. ఇంకో రెండు సెట్టింగులు చిన్న డిస్‌ప్లే ఉన్నవాళ్లు తప్పక మార్చుకోవాలి. ఒకటి మెసేజ్‌లది. మనం చదువుతూ ఉండగా ఏదైనా నోటిఫికేషన్ వస్తే ఎన్‌వీడీఏ దాన్ని డిస్‌ప్లే మీద పెట్టి, మామూలుగా నాలుగు సెకన్లు ఉంచుతుంది. వేలి కింద వాక్యం మధ్యలో మాయమై ఎవడిదో వాట్సాప్ లేస్తుంది. దాన్ని ఆపేశాను, నోటిఫికేషన్లు చెవికి చాలు. రెండోది ఫోకస్ కాంటెక్స్ట్. డైలాగ్ తెరిస్తే దాని పేరు, గ్రూపు పేరు, ఆ తర్వాత మనకి కావలసిన బటన్ వరసగా వస్తాయి. ఇరవై సెల్స్‌లో పేరుకే చోటు సరిపోతుంది. "వెనక్కి స్క్రోల్ చేసినప్పుడే" అన్న దాన్ని ఎంచుకుంటే కావలసిన బటన్ ముందే వస్తుంది.

క్లాసులో మొదటిసారి దీన్ని హాజరుకే వాడాను. పిల్లల పేర్లు తెలుగులో టైప్ చేసి ఉంచుకున్నాను, లైనుకి ఒక పేరు. ఎడమ చెయ్యి డిస్‌ప్లే మీద, కుడి చెయ్యి బాణం మీద, రెండు చెవులూ క్లాసు మీద. పేరు పిలిచాను, ప్రెజెంట్ ఏ మూల నుంచి వచ్చిందో విన్నాను. ఆ వారంలోనే ఒకడి ప్రెజెంటు ఇంకోడి బెంచీ నుంచి వస్తోందని పట్టుకుని ఇద్దర్నీ నిలబెట్టాను. "సార్‌కి ఎలా తెలిసిందిరా" అని వెనక గుసగుస.

పాఠం పైకి చదవడానికి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది. పైకి చదవాలంటే గొంతు ఒక మాట అంటుండగానే వేలు తర్వాతి మాట మీదికి వెళ్లిపోవాలి. ఒకే వరుస కాబట్టి చివరి సెల్ చేరేసరికి ప్యాన్ కీ నొక్కాలి, చుక్కలు లేచేదాకా ఆగాలి. ఆ ఆగడం వినేవాళ్లకి తెలియకూడదు. నేను పట్టుకున్న కిటుకు ఇది: ఎడమ చేతి చూపుడు వేలు వరుసలో చివరి మాట చదువుతుండగా కుడి బొటనవేలు కీ మీద సిద్ధంగా ఉంటుంది. ఆ మాట వేలికి అందగానే, నోటితో ఇంకా అనకముందే కీ నొక్కేస్తాను. నేను మాట పూర్తిచేసేసరికి కొత్త వరుస లేచి ఉంటుంది. మాట మధ్యలో విరిగితే ఈ లెక్కంతా తప్పుతుంది, అందుకని వర్డ్ ర్యాప్ ఆన్‌లోనే ఉంచుతాను. దానివల్ల చివర కొన్ని సెల్స్ ఖాళీగా పోతాయి, పోనీ. ఇప్పటికీ చూపున్నవాళ్లంత వేగంగా చదవలేను. క్లాసులో కథ చెప్పడానికి అంత వేగం అక్కర్లేదు కూడా. విరుపులు నావి, ఊపిరి నాది. కథలో ముసలమ్మ మాట్లాడేచోట గొంతు మార్చాలంటే వేలు ముందే చెబుతుంది. ఆ ఒక్కందుకే అన్నకి డబ్బులు పంపేశాను.

పిల్లలకి ఇదంతా వింతే. మా స్కూల్లో క్లాసు గోడకి పెద్ద టచ్ ప్యానెల్ ఉంది. ఎన్‌వీడీఏ టూల్స్ మెనూలో బ్రెయిల్ వ్యూయర్ అని ఒకటుంది. డిస్‌ప్లే మీద ఏ చుక్కలు లేచాయో స్క్రీన్ మీద చూపిస్తుంది, కింద మామూలు అక్షరాలూ వస్తాయి. ల్యాప్‌టాప్‌ని ప్యానెల్‌కి తగిలించి అది తెరిచాను. ఇంక వాళ్లని ఆపడం నావల్ల కాలేదు. "సార్, ఇప్పుడు మీ చేతి కింద ధనలక్ష్మి అని ఉంది", "సార్, క్ష కి ఒకటే గడి అంట, కానీ ముందు ఒక చుక్క ఎందుకుంది?" ఆ చుక్క పొల్లు అని, లక్ష్మిలో క్ష కింద మ ఒత్తు ఉంది కాబట్టి వచ్చిందని చెబితే, ద్విత్వాక్షర సంయుక్తాక్షరాల పాఠం ఆ రోజు దానంతటదే అయిపోయింది.

ప్రశ్నపత్రాలు తయారుచేయడంలో దీని ఉపయోగం వేరు. టైపింగ్ ల్యాప్‌టాప్ కీబోర్డు మీదే, ఇన్‌స్క్రిప్ట్‌లో. చేతికి అలవాటైపోయిన పద్ధతి, దాన్ని మార్చలేదు. సరిచూడడం మాత్రం వేళ్లతో. స్క్రీన్ రీడర్‌లో మాట్లాడే ఈస్పీక్ గొంతుని నేను బాగా వేగంగా పెట్టుకుని వింటాను. ఆ వేగంలో అర్థం, అర్ధం రెండూ ఒకేలా వెళ్లిపోతాయి. శ, ష, స ఒకదానికొకటి దూరంగా ఏమీ వినిపించవు. వేళ, వేల కూడా అంతే. వేలికి ఇవేవీ కలవవు. ల అంటే సెల్‌లో ఎడమ నిలువు వరుస, 1, 2, 3. ళ అంటే కుడి నిలువు వరుస, 4, 5, 6. థ అంటే ద ఆకారానికి అడుగున ఆరో చుక్క అదనం, ధ పూర్తిగా వేరే ఆకారం. రెండు మాటల మధ్య రెండు ఖాళీలు పడినా, వాక్యం చివర చుక్క పడకపోయినా ఇట్టే తగులుతుంది. తప్పు కనబడ్డాక అక్కడికి కర్సరు తీసుకెళ్లడమే పని. రూటింగ్ బటన్లు లేవన్నాను కదా, కీబోర్డు బాణంతో ఒక్కో అక్షరం జరగాలి. కర్సరు ఉన్న సెల్‌లో 7, 8 చుక్కలు లేస్తూ పడుతూ ఉంటాయి, ఆ మినుకుమినుకుని వేలితో వెంబడిస్తూ వెళ్తాను. ఓపిక కావాలి. డబ్బుంటే రూటింగ్ ఉన్నదే కొనుక్కోండి, ముఖ్యంగా రాసే పనివాళ్లు.

మార్కులు ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు అంకెలు వేలితో చూసుకోవడం నాకు ప్రాణం లేచొచ్చిన సంగతి. స్టాఫ్ రూమ్‌లో నలుగురూ మాట్లాడుతుంటే చెవిలో డెబ్బై రెండో తొంభై రెండో తేల్చుకోవడం కష్టం. డిస్‌ప్లే మీద అంకె గుర్తు, ఆ వెనక రెండు అంకెలు, తర్వాత గడి పేరు. తెలుగు టేబుల్‌లో అంకె గుర్తుకీ ణకీ ఒకే చుక్కలు, 3, 4, 5, 6. కానీ మాట మొదట్లో ణ తెలుగులో ఎక్కడొస్తుంది? తికమక పడే అవకాశమే లేదు. హెచ్‌ఎం గారు మీటింగ్‌లో మాట్లాడుతుండగా స్పీచ్ ఆపేసి నా క్లాసు ఫలితాలు వేళ్లతో చూసుకుంటూ జవాబు చెప్పగలుగుతున్నాను. ఇదివరకు ఆయన మాట వినాలా, యంత్రం మాట వినాలా అన్నదే నా సమస్య.

ఈ పరికరం వచ్చినా ఒడ్డెక్కని చోట్లు ఉన్నాయి. మన దగ్గర పాత డీటీపీ ఫాంట్లలో చేసిన క్వశ్చన్ బ్యాంకులు ఇంకా గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి. అవి చూడ్డానికి తెలుగే, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. స్పీచ్ వాటిని చదివితే పిచ్చి కూతలా ఉంటుంది, బ్రెయిల్లో ఇంకా అన్యాయం, ఏ చుక్కకీ అర్థం ఉండదు. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అసలేమీ రాదు. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు చాలావరకు బయటికొస్తాయి, ఒత్తుల దగ్గర సరిచేసుకోవాలి. ఆ సరిచేయడం కూడా మళ్లీ వేళ్లతోనే. పట్టికలు, రెండు వరుసల "జతపరచండి" లాంటి ప్రశ్నలు ఒకే వరుస డిస్‌ప్లే మీద పట్టుబడవు. ఏది దేని కింద ఉందో ఊహించుకోవాలి. పది వరుసలు, వరుసకి 32 సెల్స్ ఉన్న మోనార్క్ అనే పరికరం అమెరికాలో వచ్చింది. బొమ్మలు కూడా చూపిస్తుందట. మన జీతాలకి అది ఇప్పట్లో అందే మాట కాదు.

పెద్ద పుస్తకాలు మాత్రం నేనిప్పటికీ వింటాను. నవల వేళ్లతో చదివేంత తీరిక లేదు. అయితే కవిత్వం వినడం మానేశాను. సుగమ్య పుస్తకాలయ అని 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, అందులో పుస్తకాలు బీఆర్‌ఎఫ్ రూపంలో కూడా దొరుకుతాయి. బీఆర్‌ఎఫ్ అంటే ముందే బ్రెయిల్లోకి మార్చిన ఫైలు. ఎస్‌డీ కార్డులో వేసుకుంటే ల్యాప్‌టాప్ అక్కర్లేదు, పరికరం ఒక్కటే చాలు. మామూలు తెలుగు టెక్స్ట్ ఫైల్ నేరుగా కార్డులో వేస్తే పని జరగదు, మార్చే పని నా పరికరం సొంతంగా చేయదు. బస్సులో ఒళ్లో పెట్టుకుని చదువుతుంటే పక్కనున్నవాళ్లు అది ఏ మెషీనో అని ఆరా తీస్తారు. ఒకాయన కరెంటు బిల్లు కొట్టే మెషీన్ అనుకుని మా వీధికి ఎప్పుడొస్తారని అడిగాడు.

జాగ్రత్తల గురించి చెప్పాల్సింది కొంత ఉంది. సుద్దముక్క పొడి దీనికి శత్రువు. పుల్లలు కదిలే రంధ్రాల్లో పొడి చేరితే చుక్క సగం లేచి ఆగుతుంది, అప్పుడు క ఏదో అ ఏదో తెలియదు. క్లాసులో బోర్డు వాడే పీరియడ్ అయితే మూత పెట్టి ఉంచుతాను. చేతులు కడుక్కుని బాగా తుడుచుకున్నాకే ముట్టుకుంటాను, మా కోస్తా చెమటకి అది తప్పదు. శుభ్రం చేయాలంటే పొడి బ్రష్షు, అదీ తేలిగ్గా. నీళ్లూ, స్ప్రేలూ దగ్గరికి రానివ్వకూడదు. బాగుచేసేవాళ్లు ఊళ్లో దొరకరు కాబట్టి కొనేముందు సర్వీసు ఎక్కడ చేస్తారో, పంపితే ఎన్నాళ్లకి తిరిగొస్తుందో అడగండి.

కొనమంటారా అని హాస్టల్ మిత్రులు అడుగుతుంటారు. బ్రెయిల్ చిన్నప్పుడు వచ్చినవాళ్లయితే, ఉద్యోగంలో నలుగురి ముందు చదవడమో, అంకెలు చూడడమో, తెలుగు రాసి సరిచూడడమో ఉంటే కొనమనే చెబుతాను. ఫోన్లో పాటలు, వార్తలు వినడానికి అయితే అక్కర్లేదు. పెద్దయ్యాక చూపు పోయి బ్రెయిల్ ఇంకా నేర్చుకోనివాళ్లు ముందు కాగితం మీద నేర్చుకుని తర్వాత దీని జోలికి రావడం మేలు. ఎవరైనా సరే డబ్బు కట్టేముందు ఒకరి దగ్గర తీసుకుని ఒక పూట తెలుగు ఫైల్ చదివి చూడండి, ఇంగ్లిష్ డెమో చూసి కాదు. విశాఖ చుట్టుపక్కలవాళ్లయితే నా దగ్గరికే రావచ్చు, ఆదివారం ఇంట్లోనే ఉంటాను.